పని మధ్యలో నిద్రపోయే ల్యాప్‌టాప్‌కు ‘నెవర్’ మందు కాదు

సంపాదకులకు,

ఆర్యా,

మీ పత్రిక సాంకేతిక శీర్షికలో ఇటీవల ఒక పాఠకుని ప్రశ్నకు ఇచ్చిన సమాధానం గురించి ఈ లేఖ రాస్తున్నాను. రాత్రి వీడియో రెండరింగ్ (కూర్చిన దృశ్యాలను ఒకే వీడియో ఫైలుగా తయారుచేయడం) పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్ళిపోయి ఉంటోందని, పని సగంలోనే ఆగిపోతోందని ఆయన వాపోయారు. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌కు ఎదురుగా ‘నెవర్’ అని పెట్టుకోవాలని, మూత మూసినా యంత్రం నడిచేలా ‘డూ నథింగ్’ ఎంచుకోవాలని శీర్షిక నిర్వాహకులు రెండు వాక్యాల్లో తేల్చేశారు. ఆ సలహా పాటిస్తే ఆ రాత్రికి పని పూర్తవుతుంది, సందేహం లేదు. అయితే ఒక్క రాత్రి అవసరం కోసం ఆ ల్యాప్‌టాప్ ఉన్నంతకాలం అంటిపెట్టుకుని ఉండే మార్పు చేయించడం, అందులోని చిక్కులను మాటమాత్రంగానైనా చెప్పకపోవడం సరికాదని నా అభిప్రాయం. పైగా పని జరుగుతున్నంతసేపే యంత్రాన్ని మేలుకొలిపి ఉంచి, అది అయిపోగానే వదిలేసే మార్గాలు విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ, లినక్స్‌లోనూ ఎప్పటినుంచో ఉన్నాయి.

ఈ సమస్య ఆ ఒక్క పాఠకునిదే కాదు. కంప్యూటర్ పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నందువల్ల ఇలాంటి ఫిర్యాదులు తరచు నా చెవిన పడుతుంటాయి. పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేసేవారు ముహూర్తాల రోజుల్లో పగలంతా కత్తిరింపులు, కూర్పులు చేసుకుని, గంటల తరబడి సాగే రెండరింగ్‌ను రాత్రికి వదిలేస్తారు. ప్రాజెక్టు కోసం కృత్రిమ మేధ మోడల్‌కు శిక్షణ ఇచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులదీ అదే పద్ధతి. పాత తెలుగు పుస్తకాల పుటలను స్కాన్ చేసి, టెసరాక్ట్ వంటి ఉచిత సాధనంతో అక్షరాలుగా మార్చుకునే సాహిత్యాభిమానులు కూడా వందల పుటల కట్టను ఒకేసారి అప్పగించి నిద్రకు ఉపక్రమిస్తారు. వీరందరి పనికీ ఉన్న సామాన్య లక్షణం ఏమిటంటే, యంత్రం శక్తికొద్దీ పనిచేస్తున్న ఆ సమయంలో మనిషి దాని ముందు ఉండడు.

చిక్కంతా అక్కడే వస్తుంది. మనిషి లేడని యంత్రం ఎలా తెలుసుకుంటుందన్నది చాలామందికి తెలియదు. కీబోర్డు మీద వేలు పడిందా, మౌస్ కదిలిందా, ఒక విండో నుంచి మరో విండోకు మారారా అన్నవి విండోస్ తనంతట తాను గమనించే విషయాలు. ప్రాసెసర్ ఎంత శ్రమపడుతోంది, డిస్కు మీద ఎంత రాత జరుగుతోంది అన్నవాటిని అది తనంతట తాను లెక్కలోకి తీసుకోదని మైక్రోసాఫ్ట్ తన సాంకేతిక పత్రాల్లోనే స్పష్టంగా రాసింది. అడుగుల చప్పుడు వినబడడం లేదు కనుక లోపల ఎవరూ లేరనుకుని దీపాలార్పేసే కాపలాదారు వంటిది ఈ ఏర్పాటు. లోపల ఒకరు కదలకుండా కూర్చుని పద్దులు రాసుకుంటున్న సంగతి అతనికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇది రూపకర్తల అజాగ్రత్త వల్ల వచ్చిన లోపమేమీ కాదు. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడే నిద్రపోవాలని నియమం పెట్టి ఉంటే, నేటి కంప్యూటర్లు ఏనాడూ నిద్రపోవు. వైరస్ తనిఖీ, ఫైళ్ళ సూచిక తయారీ, అప్‌డేట్ల డౌన్‌లోడ్ అంటూ తెర వెనుక ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. వాటిలో ఏది యజమానికి ముఖ్యం, ఏది రేపటికి వాయిదా వేసినా ఫరవాలేదు అన్న వివేచన ప్రాసెసర్ వేగాన్ని చూసి చేయగలిగేది కాదు. అందుకే ఆ బాధ్యతను ప్రోగ్రాం మీద పెట్టారు. ‘నా పని పూర్తయ్యేదాకా నిద్రపోవద్దు’ అని ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టమ్‌కు విన్నవించుకోవాలి.

స్లీప్ అనే ఏర్పాటు ఎందుకు వచ్చిందో కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1992లో, విద్యుత్ పొదుపు చేసే పరికరాలకు ముద్ర ఇచ్చే ఎనర్జీ స్టార్ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు మొట్టమొదట దృష్టి పెట్టినది కంప్యూటర్లు, మానిటర్ల మీదనే. అదే ఏడాది ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి విద్యుత్ పొదుపుకు ఏపీఎం అనే పద్ధతిని రూపొందించాయి. 1996 డిసెంబరులో ఆ రెండు సంస్థలు, తోషిబా కలిసి దాని స్థానంలో ఏసీపీఐ అనే కొత్త ప్రమాణాన్ని వెలువరించడంతో ఎప్పుడు నిద్రపోవాలన్న నిర్ణయం ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చింది. వాడుకరి కదలిక లేకపోతే 15 నిమిషాల్లోపు తెర ఆరిపోవాలి, 30 నిమిషాల్లోపు యంత్రం నిద్రపోవాలి అన్నది ఎనర్జీ స్టార్ ముద్ర ఉన్న కంప్యూటర్లు పాటించే నియమం. కొత్త ల్యాప్‌టాప్ కొన్న నాటినుంచే అది మన ప్రమేయం లేకుండా నిద్రపోవడం వెనుక ఇంత చరిత్ర ఉంది. దాన్ని ఒక్క నొక్కుతో శాశ్వతంగా తీసేయమని లక్షల మంది చదివే పత్రికలో చెప్పేముందు కాస్త ఆలోచించవలసింది.

నిద్రలోకి వెళితే పనికి ఏమవుతుందన్న విషయంలో కూడా అపోహలు ఎక్కువ. స్లీప్‌లో ముఖ్యంగా మెమరీకే కరెంటు అందుతూ ఉంటుంది. ప్రోగ్రాం ఎక్కడ ఉన్నది అక్కడే శిలలా నిలిచిపోతుంది. యంత్రం మేలుకోగానే ఆ చోటినుంచే సాగుతుంది. కాబట్టి కేవలం లోపలి గణన మీద ఆధారపడిన రెండరింగ్, అక్షరాల గుర్తింపు వంటి పనుల్లో సాధారణంగా పోయేది రాత్రి సమయం మాత్రమే, చేసిన పని పోదు. నెట్ మీద నడిచే పనుల సంగతి వేరు. అవతలి సర్వరు కొంతసేపు చూసి, జవాబు రాకపోవడంతో సంబంధం తెంచుకుంటుంది. తెగినచోటినుంచి మళ్ళీ అందుకునే తెలివి ఆ ప్రోగ్రాంకు లేకపోతే పెద్ద ఫైలును మొదటినుంచీ పంపవలసిందే. బయట తగిలించిన హార్డ్ డిస్కుకు కాపీ చేస్తున్నప్పుడైతే ఫైలు సగంలో చెడిపోయే ప్రమాదం కూడా ఉంది. మీ పాఠకుడు చెప్పిన రెండరింగ్ పని మొదటి కోవలోకి వస్తుంది కనుక, ఉదయం లేచి మూత తెరవగానే అది మళ్ళీ మొదలై ఉండాలి. కాని మధ్యాహ్నానికల్లా వీడియో అందజేస్తానని పెళ్ళివారికి మాట ఇచ్చిన మనిషికి ఆ ఓదార్పు ఏపాటి!

మరొక అపోహ తెర గురించి. తెర నల్లబడితే యంత్రం నిద్రపోయిందని అనుకుని, రాత్రంతా తెర వెలుగుతూ ఉండేలా ఏర్పాటు చేసుకునేవారు ఎందరో ఉన్నారు. తెర ఆరిపోవడం వేరు, యంత్రం నిద్రపోవడం వేరు. రెండింటికీ వేరువేరు గడువులు ఉంటాయి. తెర ఆరిపోయినా లోపలి పని నిరాటంకంగా నడుస్తుంది. ప్రోగ్రాంలు పెట్టుకునే విన్నపాల్లోనూ ఈ భేదం ఉంది: సినిమా చూపించే ప్రోగ్రాం తెరను కూడా వెలిగించి ఉంచమని అడుగుతుంది, ఫైలు దించుకునే ప్రోగ్రాం యంత్రం మేలుకుని ఉంటే చాలునంటుంది. రాత్రి పనికి ఈ రెండోది చాలు. వాడకంలో ఉన్న ల్యాప్‌టాప్‌లో కరెంటు ఎక్కువగా తినేవాటిలో తెర ఒకటి కనుక దాన్ని ఆరిపోనివ్వడమే మంచిది.

ఇక అసలు పరిష్కారానికి వస్తాను. మేలుకుని ఉండమని కోరేందుకు విండోస్‌లో ప్రోగ్రాం రాసేవారికి చాలా కాలంగా ఒక ఫంక్షన్ అందుబాటులో ఉంది. దాని పేరు సెట్‌థ్రెడ్‌ఎగ్జిక్యూషన్‌స్టేట్. విండోస్ 7 నుంచి దానికి మరింత మెరుగైన రూపం వచ్చి, విన్నపంతో పాటు కారణాన్ని కూడా నమోదు చేసే వీలు కలిగింది. హ్యాండ్‌బ్రేక్ వంటి వీడియో మార్పిడి సాధనం తన పని నడుస్తున్నంతసేపు యంత్రాన్ని నిద్రపోనివ్వకుండా చూసుకుంటుంది. క్రోమ్ బ్రౌజర్ కూడా వీడియో ఆడుతున్నప్పుడు, ఫైలు డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు ఇలాగే చేస్తుంది. హాస్టళ్ళలో కుర్రాళ్ళు యూట్యూబ్‌లో ఏదో పది గంటల పాట పెట్టి, శబ్దం ఆపేసి పడుకునే చిట్కా పనిచేసేది అందువల్లనే. నవ్వు వచ్చే ఉపాయమే అయినా దాని వెనుక ఉన్న సూత్రం సరైనదే. రాత్రంతా తెర వెలగడం, నెట్ డేటా ఖర్చుకావడం దండగ అంతే.

తన యంత్రంలో ఇప్పుడు ఏ ప్రోగ్రాం ఇలా విన్నపం పెట్టుకుని ఉందో ఎవరైనా చూసుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ను (ఆదేశాలు టైపు చేసే విండోను) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అనే ఆదేశాన్ని, ఒక ఖాళీ వదిలి, స్లాష్ రిక్వెస్ట్స్ అన్న మాటతో కలిపి (powercfg /requests) ఇస్తే, తెర కోసం అడిగినవి, యంత్రం మేలుకుని ఉండాలని అడిగినవి వేరువేరుగా కనబడతాయి. మీ పాఠకుడు రెండరింగ్ మొదలుపెట్టి ఈ ఆదేశం ఇచ్చి చూస్తే, తన మిక్సింగ్ ప్రోగ్రాం పేరు ఆ జాబితాలో ఉందో లేదో నిమిషంలో తేలిపోతుంది. పేరు ఉంటే నిద్రకు కారణం వేరే ఉంది: మూత మూయడమో, బ్యాటరీయో కావచ్చు. పేరు లేకపోతే ఆ ప్రోగ్రాం అసలు అడగనేలేదన్నమాట. ఏ రోగమో తేల్చకుండానే మీ శీర్షిక మందు రాసిచ్చింది.

ప్రోగ్రాం అడగనప్పుడు దాని తరఫున అడిగే సాధనాలు ఉన్నాయి. విండోస్‌కు మైక్రోసాఫ్టే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ సంపుటిలో 2021లో అవేక్ అనే చిన్న సాధనం చేరింది. గడియారం పక్కన కాఫీ కప్పు గుర్తుతో కూర్చునే ఈ సాధనానికి ఎన్ని గంటలపాటు మేలుకుని ఉండాలో చెప్పవచ్చు, తెర సంగతి విడిగా ఎంచుకోవచ్చు. ఫలానా ప్రోగ్రాం నడుస్తున్నంతవరకే మేలుకుని ఉండాలని కట్టడి చేసే ఏర్పాటు కూడా దానిలో ఉంది. ఇది పవర్ సెట్టింగ్స్‌ను ముట్టుకోదు. గడువు తీరగానే యంత్రం తన పాత అలవాటుకు తాను వచ్చేస్తుంది. మ్యాక్‌లో 2012లో వచ్చిన మౌంటెన్ లయన్ నుంచి కెఫినేట్ (caffeinate) అనే ఆదేశం సిస్టమ్‌తోనే వస్తోంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ విండోలో దాని వెంట మనం నడపదలచిన ఆదేశాన్ని రాస్తే, ఆ పని ముగిసేదాకా నిద్ర రాదు, ముగిసిన క్షణమే పట్టు విడిచిపెడుతుంది. టెర్మినల్ అంటే జంకేవారికి బ్యాటరీ సెట్టింగ్స్‌లోని ఆప్షన్స్‌లో, ఛార్జర్ తగిలించి ఉన్నప్పుడు తెర ఆరినా యంత్రం తనంతట తాను నిద్రపోకుండా చూసే మీట ఉంది. ఉబుంటు వంటి లినక్స్ వాడేవారికి సిస్టమ్‌డీ ఇన్‌హిబిట్ (systemd-inhibit) అనే ఆదేశం సరిగ్గా కెఫినేట్ మాదిరిగానే పనికొస్తుంది.

అయితే ఈ విన్నపాలకు ఒక హద్దు ఉంది, మన ప్రాంతపు పరిస్థితుల్లో అది చాలా ముఖ్యం. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో పాతకాలపు స్లీప్ బదులు, ఫోన్ మాదిరిగా తక్కువ కరెంటుతో కునుకు తీసే మోడర్న్ స్టాండ్‌బై అనే పద్ధతి ఉంటోంది. అలాంటి యంత్రం బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు, స్లీప్ గడువు తీరిన 5 నిమిషాలకు ప్రోగ్రాంలు పెట్టుకున్న విన్నపాలను విండోస్ రద్దు చేసేస్తుంది. ఛార్జర్ తగిలించి ఉన్నంతసేపు ఈ ఇబ్బంది లేదు. కాని రాత్రి ఒంటిగంటకు కరెంటు పోతే? ల్యాప్‌టాప్ ఆ క్షణం నుంచి బ్యాటరీ మీదకు మారుతుంది, ఎక్కువసేపు నిలవకుండానే నిద్రలోకి జారుకుంటుంది. బ్యాటరీ నిండా ఉండి, మరో రెండు గంటలు హాయిగా పనిచేయగల స్థితిలో ఉన్నా సరే. కరెంటు పావుగంటలో తిరిగి వచ్చినా రెండరింగ్ మళ్ళీ మొదలవుతుందన్న భరోసా లేదు. మీ శీర్షిక చెప్పిన ‘నెవర్’ కూడా ఇక్కడ చాలామందిని ఆదుకోదు. ఎందుకంటే ఛార్జర్ మీద ఉన్నప్పుడు ఒక గడువు, బ్యాటరీ మీద ఉన్నప్పుడు మరో గడువు అంటూ సెట్టింగ్స్‌లో రెండు వరుసలు ఉంటాయి. మొదటిదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేయడం సర్వసాధారణం.

దీనికి నేను సూచించేది ఏమిటంటే, రాత్రి పని ఉన్ననాడు బ్యాటరీ వరుసలోని గడువును ఏ గంటకో రెండు గంటలకో పొడిగించుకోవాలి తప్ప అక్కడ ‘నెవర్’ అని పెట్టకూడదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, ఛార్జర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీద ఉందో లేదో చూసుకోవాలి. మన ఇళ్ళలో ఆ లైను ఫ్యాన్లకు, దీపాలకు పరిమితమై, ప్లగ్ పాయింట్లు దాని మీద లేకపోవడం మామూలే. నెట్ మీద పని అయితే ల్యాప్‌టాప్ ఒక్కటే మేలుకుని ఉండి లాభం లేదు, రౌటర్ కూడా బతికి ఉండాలి. రౌటర్‌కు విడిగా చిన్న యూపీఎస్‌లు బజారులో దొరుకుతున్నాయి. బ్యాటరీ మరీ అడుగంటినప్పుడు యంత్రం మెమరీలోని సరుకంతా డిస్కులో భద్రపరచి హైబర్నేట్ అయ్యే ఏర్పాటును మాత్రం ఎట్టిపరిస్థితిలోనూ తీసేయకూడదు, పనిని చివరికి కాపాడేది అదే.

‘నెవర్’ అన్న శాశ్వతపు మార్పు మీద నా అభ్యంతరం కరెంటు బిల్లు గురించి కాదు. తెర ఆరిన ల్యాప్‌టాప్ పది వాట్లు తీసుకుంటుందనుకుంటే, రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నెలకు 2.4 యూనిట్లు అవుతుంది. ఏ కుటుంబానికీ అది భారం కాదు. అదే సలహాను ఒక కళాశాల ప్రయోగశాల పాటిస్తే లెక్క మారుతుంది. 40 డెస్క్‌టాప్‌లు, ఒక్కొక్కటి 50 వాట్లు అనుకున్నా, తరగతులు లేని 16 గంటల్లో రోజుకు 32 యూనిట్లు వృథాగా పోతాయి. పత్రికలో వచ్చిన చిట్కా ఇంటికే పరిమితం కాదు, కార్యాలయాల్లోనూ పాటిస్తారు కదా.

ఇళ్ళలో అసలు ముప్పు వేడిమి వల్ల వస్తుంది. మూత మూసినా నడిచేలా పెట్టిన ల్యాప్‌టాప్‌ను ఉదయం హడావుడిలో అలాగే సంచిలో వేసుకుని బస్సెక్కేవారు ఉంటారు. గాలి ఆడని సంచిలో అది నడుస్తూనే ఉంటుంది, ఫ్యాన్ తిరిగినా వేడి బయటికి పోయే దారి ఉండదు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పడదు; నిండా ఛార్జ్ అయిన స్థితిలో వేడి కూడా తోడైతే దాని ఆయుష్షు మరింత త్వరగా తరిగిపోతుంది. కోస్తాలో మే నెల మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. అదీకాక, కొన్ని నమూనాల్లో వేడి గాలి కీబోర్డు వైపునుంచి, తెర కీలు దగ్గరనుంచి బయటికి వస్తుంది కనుక మూత మూసి భారీ పని చేయించడం వాటికి మంచిది కాదు. రాత్రి పనికి మూత తెరిచి, తెర ఆరనిచ్చి, గట్టి బల్ల మీద పెట్టి వదిలేయడం అన్నిటికన్నా క్షేమం. పరుపు మీద, దిండు మీద పెట్టి పడుకునే అలవాటు ఉన్నవారు దయచేసి మానుకోవాలి.

మూత గురించి మరొక్క మాట. ప్రోగ్రాం పెట్టుకునే విన్నపం, అవేక్ చేసే సాయం, ఇవన్నీ మనిషి కదలిక లేనప్పుడు తనంతట తాను వచ్చే నిద్రను మాత్రమే ఆపుతాయి. మనిషే స్వయంగా మూత మూస్తేనో, పవర్ బటన్ నొక్కితేనో యంత్రం దాన్ని యజమాని ఆజ్ఞగా తీసుకుని నిద్రపోతుంది. అది సబబే. మ్యాక్‌బుక్ మూత మూసినా నడవాలంటే ఛార్జరుతో పాటు బయటి మానిటర్ కూడా తగిలించి ఉండాలని ఆపిల్ పెట్టిన నియమం వెనుక ఇలాంటి ఆలోచనే ఉందనుకుంటాను.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మౌస్‌ను తనంతట తాను కదిలిస్తున్నట్టు నటించే చిన్న యూఎస్‌బీ పరికరాలు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతున్నాయి. వాటిని ఇంటినుంచి పనిచేసే ఉద్యోగులు కొందరు కొంటున్నారు. నిజంగా నడుస్తున్న పని కోసం మేలుకుని ఉండమని యంత్రాన్ని అడగడం వేరు, మనిషి కూర్చున్నట్టు భ్రమ కల్పించడం వేరు. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు నటన చేశారన్న కారణంతో డజనుకు పైగా ఉద్యోగులను తొలగించిన వార్త మన పత్రికల్లోనూ వచ్చింది. సంస్థ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో రాత్రి పని తప్పనిసరైతే సాంకేతిక విభాగం అనుమతితో చేయడమే మర్యాద. మరో సంగతి, మేలుకుని ఉన్న యంత్రం తాళం వేయకుండా ఉండాలని ఏమీ లేదు. విండోస్ మీటతో పాటు ఎల్ మీట నొక్కితే తెరకు తాళం పడుతుంది, లోపలి పని ఆగదు. లాగ్ ఆఫ్ చేస్తే మాత్రం ప్రోగ్రాంలు మూతపడతాయి. ఈ రెండింటికీ తేడా తెలియక యంత్రాన్ని బార్లా తెరిచి వెళ్ళిపోయేవారు, బ్యాంకు ఖాతాల వివరాలు ఉన్న ల్యాప్‌టాప్‌ల విషయంలో కూడా, కొల్లలు.

నిద్రను ఆపినంత మాత్రాన విండోస్ అప్‌డేట్ కోసం జరిగే రీస్టార్ట్ ఆగదు. అది వేరే శత్రువు. యాక్టివ్ అవర్స్ అనే సెట్టింగ్‌లో గరిష్ఠంగా 18 గంటల వ్యవధిని, రాత్రి పనిచేసే సమయం అందులో పడేలా, ఎంచుకోవచ్చు. లేదా ఆ వారానికి అప్‌డేట్లను వాయిదా వేసుకోవచ్చు.

కొన్ని పనులకైతే ల్యాప్‌టాప్ మేలుకుని ఉండవలసిన అవసరమే లేదు. పని దూరాన ఉన్న సర్వర్ మీద నడుస్తూ, ల్యాప్‌టాప్ దానికి కిటికీగా మాత్రమే ఉన్నప్పుడు, సర్వర్ వైపే టీమక్స్ వంటి సాధనంలో పనిని మొదలుపెడితే, మన సంబంధం తెగినా అక్కడి పని సాగుతూనే ఉంటుంది. తెల్లవారి మళ్ళీ కలిసి ఫలితం చూసుకోవచ్చు. ప్రాజెక్టు విద్యార్థులకు నేను ముందుగా నేర్పేది ఇదే. అలాగే మోడల్ శిక్షణలో మధ్యమధ్య స్థితిని డిస్కులో భద్రపరచుకునే ఏర్పాటు, ఫైళ్ళు పంపడంలో తెగినచోటినుంచి కొనసాగించే సాధనం ఉంటే, నిద్ర వచ్చినా, కరెంటు పోయినా నష్టం స్వల్పం. ఆరు గంటల పని ఒక్క బిగిన సాగితేనే ఫలితం దక్కుతుందన్నట్టు రాసిన ప్రోగ్రాం, ఏ దేశంలోనైనా బలహీనమైన ప్రోగ్రామే.

ప్రోగ్రాం రాసేవారి బాధ్యతను నేను పదేపదే ఎత్తడానికి కారణం ఉంది. వాడుకరులు ఇన్ని తిప్పలు పడుతున్నది ప్రోగ్రాం రాసేవారు చేర్చవలసిన ఒక్క విన్నపాన్ని చేర్చనందువల్ల. పైథాన్ భాషలో ప్రోగ్రాం రాసే విద్యార్థికైనా అది రెండు మూడు వరుసల పని: పని మొదలయ్యేటప్పుడు అడగడం, ముగిసినప్పుడు వదిలేయడం. వదిలేయడం కూడా అంతే ముఖ్యం. అడిగి వదలని ప్రోగ్రాంల వల్ల దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఫిర్యాదు, అంటే ల్యాప్‌టాప్ ఎంతకీ నిద్రపోవడం లేదన్నది, పుట్టుకొస్తుంది. అలాంటి మొండి ప్రోగ్రాంల విన్నపాలను పట్టించుకోవద్దని విండోస్‌కు చెప్పే వీలు కూడా ఇందాక చెప్పిన పవర్‌సీఎఫ్‌జీలోనే రిక్వెస్ట్స్ ఓవర్‌రైడ్ అన్న పేరుతో ఉంది. ఫోన్లలో ఇదే తగవు మరింత ముదిరి, అవసరం లేకపోయినా మేలుకుని ఉండమని కోరే యాప్‌ల వల్ల బ్యాటరీలు ఖాళీ అవుతుంటే, 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే కట్టడిని గూగుల్ తీసుకురావలసి వచ్చింది. మన ఇంజినీరింగ్ కళాశాలల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో ప్రాసెస్‌ల షెడ్యూలింగ్ గురించి పుటల కొద్దీ చెబుతాం; ఈ విన్నపం సంగతి ప్రయోగశాలలో ఒక్క గంట చెప్పినా, బయటికి వచ్చి సాఫ్ట్‌వేర్ రాసే వేలమందిలో కొందరికైనా గుర్తుంటుంది. ముఖ్యంగా మన జిల్లాల్లో దుకాణాలకు, ఆసుపత్రులకు, సహకార సంఘాలకు పద్దుల సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చే చిన్న సంస్థల వారు, రాత్రి బ్యాకప్ తీసే భాగంలో ఈ విన్నపాన్ని చేర్చడం తక్షణ అవసరం. బ్యాకప్ సగంలో ఆగిన సంగతి, డిస్కు చెడిపోయిన రోజున తప్ప ఎవరికీ తెలియదు.

మీ శీర్షిక నిర్వాహకులను ఒకటి కోరుతున్నాను. ఆ సమాధానానికి అనుబంధంగా వచ్చే వారం మరికొన్ని వాక్యాలు ప్రచురించండి. ఇప్పటికే ‘నెవర్’ పెట్టుకున్న పాఠకులు స్లీప్ గడువును మళ్ళీ అరగంటకు తెచ్చుకోవాలని, మూత సెట్టింగ్‌ను ‘స్లీప్’కు మార్చుకోవాలని, రాత్రి పని ఉన్నప్పుడు మాత్రం అవేక్‌నో కెఫినేట్‌నో ఆ గంటలకే వాడుకోవాలని రాయండి. బ్యాటరీ వరుస గడువు విషయం తప్పక చేర్చండి. ఆ ప్రశ్న అడిగిన పాఠకుడు రెండరింగ్ నడుస్తుండగా పవర్‌సీఎఫ్‌జీ చూపిన జాబితాను మీకు పంపగలిగితే, ఆయన మిక్సింగ్ ప్రోగ్రాం విన్నపం పెడుతోందో లేదో కూడా అందరికీ తెలుస్తుంది. పెట్టడం లేదంటే దాని తయారీదారులకు రాయడానికి ఆయనతో పాటు నావంటివారు కూడా సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక కంప్యూటర్ అధ్యాపకుడు,
తెనాలి